ఆఖరి విడత చప్పట్లు

“ఎవరు చచ్చిపోయారు?” అని ఇంగ్లీషులో అడిగింది హిల్డా మేడమ్.

సురేందర్ కమాను ఆపేశాడు. ఫిడేలు ఒళ్లో పెట్టుకొని బిక్కమొహంతో సింధూజ వైపు చూశాడు. ఆమె చూపు ఏసీ గాలికంటే ఎక్కువ వణికించేలా ఉంది.

గల్ఫ్‌లో సీబ్ పట్నంలోని ఆ విల్లాలో సింధూజ హోమ్ నర్సు. చేతులు వణికే జబ్బుతో మంచం పట్టిన హిల్డా మేడమ్‌ను చూసుకుంటుంది. సురేందర్ పక్కనే ఉన్న మబేలాలో ఏసీ మెకానిక్. ఈ వేసవిలో ఆ ఇంటి ఏసీ చెడిపోయినదానికంటే అతను వచ్చిందే ఎక్కువ. అందరూ ఆమెను సిస్టర్ అంటారు. అతను పొరపాటున కూడా అనలేదు.

మేడమ్‌ను కొడుకు వచ్చే వారం ఇంగ్లండు తీసుకుపోతున్నాడు. ఆమె వెళ్తే సింధూజ వీసా క్యాన్సిల్, తనూ ఇంటిదారే. పోయేలోగా ఒక్కసారి తన ఊరి ట్యూన్ ఫిడేలు మీద వినాలని మేడమ్ కోరిక. కొండల మీద పూసే హేర్‌బెల్ అనే చిన్న నీలిపువ్వు పేరు దానికి. ఆమె కూనిరాగం తీస్తే సింధూజ ఫోన్లో రికార్డు చేసి పంపింది. తాత దగ్గర ఫిడేలు నేర్చిన సురేందర్ డ్యూటీ దిగాక రూమ్‌లో కూర్చుని ఆ ట్యూన్ పట్టుకున్నాడు.

సింధూజ అతన్ని వంటింట్లోకి పిలిచింది.

“గట్ల ఏడిపిస్తున్నవేంది? అది డాన్సు పాట.”

“నాకేమెరుక? మా తాత భాగోతం జట్టుల ఆటకంత హార్మోనియమే. ఫిడేలు ఏడ్పు ఘట్టానికే తీసేటోడు. పాతపాట, పువ్వు పేరు అన్నవ్. సమాధి మీద పువ్వనుకున్న.”

ఆమె నవ్వు ఆపుకుంది. “ఎవలు కట్టిన్రో ఎవలికెరుకలేదట. ఒకలు వాయిస్తె ఒకలు ఇని పట్టుకున్నదే. మేడమ్ వాళ్ల ఊర్లె కోతలైనంక ఆడేటోళ్లు. ఇదే ఆఖరి ఆట. ఆఖరి విడతల ఫిడేలాయన కమాను దించుతడట. జనం చప్పట్లతోని నడుపుతరట.”

“మన బతుకమ్మ లెక్క.”

“ఆఁ. అందరిని ఆడించెటోనికి జోడీ ఉండదు గద. అందుకే అప్పుడు పోయి, నచ్చిన పిల్ల ముంగట నిలబడుతడు. ఇష్టం లేకుంటె ఆమె చప్పట్లు కొడుతనే ఉంటది.”

“ఇష్టం ఉంటె?”

“ఆపుతది. ఆయన వెంట ఇంటిదాక నడుస్తది.” సింధూజ కిటికీ వైపు తిరిగింది. “మేడమ్ పెనిమిటి ఫిడేలాయనేనట. ఈ ఊర్లనే కాలం చేసిండు.”

సురేందర్ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. వచ్చే వారం నుంచి ఈ ఇంటికి రావడానికి ఏ ఏసీ చెడిపోదు.

మళ్లీ గదిలోకి వెళ్లి, ఈసారి నిలబడి వాయించాడు. కమాను చకచకా పరుగెత్తింది. దుప్పటి మీద మేడమ్ వేళ్లు కదిలాయి. కళ్లలో నీళ్లు తిరిగినా ఆమె తుడుచుకోలేదు. చప్పట్లు కొట్టమని సింధూజకు సైగ చేసి, తనూ అందుకుంది.

మంచి ఊపులో ఉండగా సురేందర్ కమాను దించాడు.

ట్యూన్ మరిచిపోయాడేమో అనుకుంది సింధూజ. అతను ఫిడేలు కుర్చీలో పెట్టి, వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. నుదుటి మీద చెమట పట్టింది. భయం వేస్తోందని మొహమే చెబుతోంది.

సింధూజ ఇంకాసేపు చప్పట్లు కొట్టింది. తర్వాత ఆమె చేతులు ఆగిపోయాయి.

“మా ఇల్లు దూరం,” అంది తల వంచుకొని. “జగిత్యాల అవతల.”

“ఎరుకే. మీ అమ్మనాయినల అడగనీకె ఆడిదాక వస్త.”

మంచం మీద మేడమ్ మాత్రం, వణికే చేతులతో, తాళం తప్పుతూనే చప్పట్లు కొడుతూ ఉంది.