మడివాళ చెరువు పరుగులో ఆఖరి ఇద్దరు

"మీకు ఆయాసంగా ఉంటే కాసేపు కూర్చోండి. నా కోసం పరిగెత్తక్కర్లేదు."

జ్యోత్స్న నాతో అన్న మొదటి మాట ఇదీ. శనివారం పొద్దున, బెంగళూరు మడివాళ చెరువు గట్టు మీద. నాకు ఒళ్ళు మండింది. మా రన్నింగ్ గ్రూపులో నేను స్వీపర్‌ని. అంటే, అందరికన్నా వెనకబడిన మనిషి ఒంటరిగా మిగిలిపోకుండా, వాళ్ళ వెనకాలే పరిగెత్తేవాణ్ణి. ఆ వెనకబడిన మనిషి ఈమే మరి.

"ఆయాసమేం లేదప్పా. మీరు మెల్లగా పోండి, నేనుండాను కదా" అన్నాను, పెద్ద మనసుతో.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, జాలిగా నవ్వి, ఇంకా నెమ్మదించింది.

దారి మహా సులువు. చెరువు గట్టు, కాలనీ పార్కులు, అగర చెరువు చుట్టూ ఒక రౌండు, మళ్ళీ వెనక్కి. గట్టెక్కే చోట కాస్త ఎత్తు తప్పితే అంతా చదునే. అలాంటి దారిలో మేమిద్దరం వారం వారం నత్తనడక నడిచాం. ఆమెది ఒంగోలు. మడివాళలో పీజీ హాస్టల్లో ఉంటూ ఆస్పత్రిలో నర్సుగా చేస్తోంది. మాది ఆనేకల్, తాతల నాడే కదిరి నుంచి వచ్చేశాం. వానొస్తే ఇద్దరం ఒకే చెట్టు కింద నిలబడేవాళ్ళం, పార్కులో చెట్లకేమీ కరువు లేకపోయినా. ఓసారి అక్కడే ఆమె నా చెయ్యి పట్టుకుని నాడి కూడా చూసింది. శనివారం తప్ప మిగతా వారమంతా నాకు దండగనిపించేది. ఆ మాట ఆమెతో అనడానికే నోరు పెగిలేది కాదు.

ఒకరోజు పరుగయ్యాక మా కెప్టెన్ చైత్ర అందరి ముందూ చెప్పింది. "గిరిధర్, వచ్చే వారం నుంచి నువ్వు ముందుండి పరిగెత్తాలి. స్వీపర్ డ్యూటీ లలిత్‌ది."

ఇక ఆ చెట్టు కింద లలిత్ నిలబడతాడన్నమాట.

జ్యోత్స్న పకపకా నవ్వింది. "ఈయన ముందా? పాపం, ఒక్కడే వెనకబడిపోతాడని నేనే కదా ప్రతిసారీ ఆగేది."

గ్రూపంతా గొల్లుమంది. నేను నవ్వలేదు. ఆమె రూము వైపు నడుస్తుంటే వెంట వెళ్ళాను.

"అయితే ఇన్ని వారాలూ జాలేనా?"

"మొదట్లో జాలే. ఓసారి వానలో మీ నాడి పట్టుకుని చూశా కదా. అలసిన మనిషి నాడి కాదది. మీకేం కాలేదని అప్పుడే అర్థమైంది. తర్వాత చైత్రనడిగితే స్వీపర్ సంగతి చెప్పింది."

"మరి తెలిసి కూడా ఎందుకు మెల్లగా వచ్చినారు?"

"మీరెందుకు తొందరపెట్టలేదో, నేనూ అందుకే."

"మళ్ళా అందరి ముందర అట్ల నవ్వినారే?"

"ఇంకేం చెయ్యమంటారండీ? మీరు నోరు విప్పేలా లేరు. వచ్చే వారం చూస్తే లలిత్ వస్తున్నాడు."

ఇంక ఆగలేకపోయాను. "జ్యోత్స్నా, నాకు మీరంటే శానా ఇష్టం. ముందు పరిగెత్తను పో. చైత్ర తిట్టినా సరే, మీతోనే ఉంటాను."

ఆమె ముఖం ఎర్రబడింది. తల వంచుకుని బూట్ల లేసులు బిగించుకుంది.

"నాతో ఉండాలంటే ముందే పరిగెత్తాలి మరి. కాలేజీలో నేను ఛాంపియన్ని" అంటూనే ఉరికింది.

మడివాళ సిగ్నల్ దగ్గర బస్సులు అడ్డం రాబట్టి ఆగింది గానీ, లేకపోతే నేను పట్టుకోగలిగేవాణ్ణి కాదు.