రాయవేలూరు నర్సమ్మ

"ఏమప్పా, అయిదేండ్ల పిల్లను సంకనెత్తుకొని తిరుగుతాండావే! కాళ్ళు లేవా దానికి?"

ఒంటిమిట్ట తిరునాళ్ళలో ఆ మాటన్న అమ్మాయిని లక్ష్మన్న కోపంగా చూశాడు. అతను రాజంపేటలో బస్సు డ్రైవరు. చంకలో ఉన్నది అక్క కూతురు ఓబులమ్మ.

"ఉండాయి. నువ్వే చూడు," అంటూ పిల్లను దించాడు.

ఓబులమ్మ పది అడుగులు వేసింది. ఆయాసంతో గొంతుక్కూర్చుంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టు నీలంగా మారాయి.

అమ్మాయి గబుక్కున పక్కన కూర్చుని పిల్ల గోళ్ళు చూసింది.

"తప్పయిపోయిందప్పా. నా పేరు కృష్ణవేణి. రాయవేలూరు ఆసుపత్రిలో నర్సును. ఇది పుట్టుకతో వచ్చిన గుండెజబ్బు. ఊపిరితిత్తులకు చాలినంత నెత్తురు పోవడం ల్యా. ఆడ ఆపరేషను చేస్తాండారు."

"గుండెనే కోస్తారా?"

"గుండెను ముట్టరు. చేతికి పోయే రక్తనాళాన్ని ఊపిరితిత్తుల నాళానికి కలిపి కుడతారు."

"పిల్ల బతుకుతాదా?"

"అందరూ బతకల్యా. అబద్ధం చెప్పను. ఊరకుంటే మాత్రం ఈ పిల్ల శానా ఏండ్లు ఉండదు."

ఆ నిజమే లక్ష్మన్నను నమ్మించింది. ఏడుస్తున్న అక్క సిద్దమ్మను ఒప్పించి వారంలోనే రైలెక్కించాడు.

ఆపరేషను రోజు వరండాలో నాలుగు గంటలు నిలబడే ఉన్నాడు. లోపల డాక్టర్లకు పనిముట్లు అందిస్తున్నది కృష్ణవేణే. చివరికి తలుపు తెరుచుకుంది.

"రాప్పా, నీ కోడలి గోళ్ళు చూద్దువు."

"ఎర్రగుండాయి!" లక్ష్మన్న పిల్ల చేతిని కళ్ళకద్దుకున్నాడు. "గోరింటాకు పెట్టినట్టు!"

"పెండ్లెవరిదో?" అని నవ్వింది కృష్ణవేణి. ఈసారి అతని ముఖం ఎర్రబడింది.

మూడు నెలలకు ఆమె సెలవు మీద సొంతూరికి వస్తూ అతని బస్సే ఎక్కింది.

"మా ఓబులమ్మను బతికించిన నర్సమ్మ ఈమెనే! సీటియ్యండప్పా!" అని లక్ష్మన్న బస్సంతా వినపడేట్టు అరిచాడు.

"బస్సు నడుపుతాండావా, నన్ను ఊరేగిస్తాండావా?"

"జీవితమంతా ఊరేగిస్తా. ఒప్పుకుంటావా?"

బస్సులో అందరూ ఆమె వైపు తిరిగారు. కృష్ణవేణి కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "నేను ఉద్యోగం మానను."

"మానమని ఎవరన్నారు? ఇట్లాంటి పిల్లలు ఇంకా ఎంతమందుండారో! నేనే రాయవేలూరు వచ్చి బస్సు తోలుకుంటా."

ఆమె తల వంచుకుని నవ్వింది.

రాజంపేటలో బస్సు ఆగగానే, వీధి చివర నిలబడ్డ సిద్దమ్మ చెయ్యి విడిపించుకుని ఓబులమ్మ పరుగెత్తుకొచ్చింది.

"నర్సమ్మా!"

తమ్ముడి ముఖం చూసిన సిద్దమ్మకు సంగతి అర్థమైపోయింది. కళ్ళు తుడుచుకుంటూ కూతురికి చెప్పింది.

"నర్సమ్మ కాదే. అత్తా అను."