ఆనంద్ పాల్ రెండో గ్లాసు

ఆనంద్ పాల్ వరండాలో పడక కుర్చీలో చనిపోయి ఉన్నాడు. పక్కన స్టూలు. స్టూలు మీద గాజు గ్లాసు. గ్లాసు అడుగున ముంజ ముక్కలు, పిండేసిన నిమ్మచెక్క.

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు భార్య విజయకుమారి చూసింది. నిద్రపోతున్నాడనుకుని భుజం తట్టింది.

అది మే నెల మొదటి సోమవారం. తర్వాతి వారంలో ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. గ్లాసులో జిన్, నిమ్మరసం, చేప పేనుకు చెరువులో కొట్టే మందు. ఆ మందు సీసా ఇంటి వెనక షెడ్డులోనే దొరికింది.

రిపోర్ట్ చివర ఇంకో వాక్యం ఉంది. గ్లాసు లోపలి అంచుకు వరి ఊక అంటుకుని ఉందని. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. వరి పండే చోట ఊక ఎక్కడ ఉండదు?

రోజూ ఆయనకు గ్లాసు కలిపేది విజయకుమారి. కాబట్టి, రిపోర్ట్ వచ్చిన పది రోజులకు, మర్నాడే ఆమెను అరెస్టు చేసి కోర్టులో పెట్టమని సీఐ చెప్పారు. కూతురు జ్యోత్స్న తాడేపల్లిగూడెంలో టీచరు. రిపోర్ట్ వచ్చినప్పటి నుంచి తల్లితో మాట్లాడటం మానేసింది.

సీఐ ఆ మాట చెప్పిన ఉదయమే ఎస్సై పెర్సిస్ ఆనంద్ పాల్ ఊరు కొల్లేటికోట వెళ్లింది. వరండాలో పడక కుర్చీ ఇంకా అక్కడే ఉంది. దాని మీద ఎవరూ కూర్చోవడం లేదు.

జిన్ ఎలా కలుపుతారని అడిగింది.

విజయకుమారి దాచలేదు. భర్త బయట తాగి రాకూడదని తానే నేర్చుకుంది. రెండు మూతల జిన్. అర చెక్క నిమ్మరసం. ముంజలు తొక్క తీసి, లోపలి నీళ్లు పోకుండా గ్లాసు మీదే కోయాలి. చిటికెడు ఉప్పు. సోడా. పైన ఐసు. మొదటి గుక్కకే ఎండంతా దిగిపోయిందనేవాడు ఆనంద్ పాల్. రెండో గ్లాసు ఎప్పుడూ అడగలేదు.

"ఆ రాత్రి కూడా మీరే కలిపారా అండి?"

"నేనేనమ్మా. ఏడింటికి. మధ్యాహ్నం గాలికి కరెంటు పోయింది. ఫ్రిజ్‌లో ఐసంతా నీళ్లయిపోయింది. కుండ నీళ్లతో కలిపిచ్చి, ప్రార్థన చేసుకుని పడుకున్నాను."

"తర్వాత లేవలేదా?"

విజయకుమారి లోపలికి చూసింది. కూతురు తలుపు వెనకే ఉంది. గొంతు తగ్గించింది.

"రోజూ పొద్దుగూకితే వినిపిస్తోందమ్మా. గ్లాసులో ఐసు కదిలే చప్పుడు. వరండాలోకి వస్తే ఎవరూ ఉండరు."

"మొదటిసారి ఎప్పుడు విన్నారు?"

"ఆయన పోయిన రాత్రే."

పెర్సిస్ రాయడం ఆపింది. "కరెంటు లేదన్నారుగా. ఆ రాత్రి ఐసెక్కడిదండి?"

"అందుకే ఎవరికీ చెప్పలేదు. పిచ్చిదాన్నంటారు."

పెర్సిస్ తిరిగి వస్తూ గుండుగొలను దగ్గర జీపు ఆపించింది. ఐసు ఫ్యాక్టరీ ముందు చేపల వ్యాన్లకు దిమ్మలు ఎక్కిస్తున్నారు. దిమ్మ కరగకుండా కింద ఊక, పైన ఊక. ఒక ముక్క విరిగి కాళ్ల దగ్గర పడింది. దాని నిండా ఊక.

ఆ ఆదివారం రాత్రి కొల్లేటికోటలో చేపలు పట్టింది ఏ చెరువులో, పట్టుబడి ఎవరిదని అడిగింది. ఆ రాత్రి ఐసు తోలిన వ్యాన్ డ్రైవర్ సత్తిబాబు చెప్పాడు. హెన్రీగారిది.

హెన్రీ, ఆనంద్ పాల్ చిన్నాన్న కొడుకు. చేపల చెరువులో భాగస్వామి. ఆ రాత్రంతా చెరువు గట్టు దిగలేదని స్టేట్‌మెంట్ ఇచ్చాడు.

సాయంత్రం అయిదింటికి పెర్సిస్ అందర్నీ వరండాలోకి పిలిచింది. తల్లి ఒక పక్క, కూతురు ఒక పక్క కూర్చున్నారు. మిగిలింది పడక కుర్చీ ఒక్కటే. హెన్రీ నిలబడ్డాడు.

విజయకుమారిని రెండు గ్లాసులు కలపమంది. కొలత తప్పలేదు. ఒకదాంట్లో కుండ నీళ్లు. రెండోదాంట్లో సత్తిబాబు తెచ్చిన ఐసు, పైపైన కడిగి.

జిన్ వాసన వరండా అంతా పట్టింది. ఐసు కరుగుతూ గ్లాసులో కదిలింది. విజయకుమారి చెవులు మూసుకుంది.

"నాకూ వినపడిందమ్మా," అంది జ్యోత్స్న. చాలా రోజుల తర్వాత తల్లితో ఆమె అన్న మొదటి మాట.

ఐసు పూర్తిగా కరిగాక పెర్సిస్ రెండు గ్లాసులూ ఒంపేసింది. మొదటి గ్లాసు శుభ్రంగా ఉంది. రెండో గ్లాసు అంచుకు ఊక అంటుకుంది.

"పొద్దున్నకి ఐసు లేదు కాబట్టి దాని గురించి ఎవరం అడగలేదు. ఊక మాత్రం మిగిలింది," అంది పెర్సిస్. "ఈ ఇంట్లో ఆ రాత్రి ఐసు లేదు. ఊళ్లో ఐసున్నది ఒక్క చోటే. మీ గట్టు మీద, హెన్రీగారూ."

"పనోళ్లెవరో తెచ్చుంటారు మేడమ్," అన్నాడు హెన్రీ.

పెర్సిస్ సత్తిబాబు వైపు తిరిగింది. "మొదటి దిమ్మ ఎవరు పగలగొట్టారు?"

"హెన్రీగారేనండి. మూల కొట్టి, తువ్వాల్లో చుట్టుకుని బండెక్కారు. అన్నయ్య గ్లాసులోకని."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"ప్రతి పట్టుబడికీ ఉండేదేగా అండి. మొదటి ముక్క ఆయనకే వెళ్తుంది. అది చెప్పాల్సిన సంగతనుకోలేదు."

హెన్రీ కూడా అనుకోలేదు. చంపడానికి వచ్చిన రాత్రి కూడా అలవాటు ప్రకారం అన్నకు ఐసు తెచ్చాడు. మొదటి గ్లాసు ఖాళీ అయి ఉంది. అందులోనే షెడ్డులోని మందు పోసి ఇంకోటి కలిపాడు. తమ్ముడు తెచ్చిన ఐసు కదా, ఆనంద్ పాల్ కాదనలేదు.

"ఎందుకు?" అంది పెర్సిస్.

"చెరువు గట్టు కొల్లేరు అభయారణ్యం హద్దు దాటి జరిపామని అన్నయ్య సర్వే వాళ్లకి చూపిస్తానన్నాడండి. తప్పని నాకూ తెలుసు. గట్టు కొట్టేస్తే నాకేముంది? బతిమాలాను. గ్లాసు అందుకుని, నువ్వు కలిపినా బాగానే ఉందిరా అన్నాడు."

జ్యోత్స్న లేచి వెళ్లి తల్లి పక్కన కూర్చుంది.

హెన్రీని జీపు ఎక్కించాక విజయకుమారి మెట్ల దాకా వచ్చింది.

"ఆ చప్పుడు వినగానే లేచి రావాల్సిందమ్మా. కల అనుకుని అటు తిరిగి పడుకున్నాను. వచ్చుంటే బతికేవాడు కదా?"

పెర్సిస్ జీపు వైపు చూసింది. జీపులో హెన్రీ తల వంచుకుని కూర్చున్నాడు.

"వచ్చుంటే, కూర్చోండి వదినా అని మీకూ నిమ్మరసంలో అదే మందు కలిపిచ్చేవాడండి," అంది.