రెండో ఊపిరి

వనపర్తిలో ఒక పాత పల్లికాయ మిల్లు ఉంది. మూతపడి చాలా ఏళ్లయినా గోడలకు పట్టిన ముక్కిన నూనె వాసన ఇంకా పోలేదు. ఇప్పుడు అందులోనే కరెంటు పనివాళ్లకు ట్రైనింగ్ ఇస్తున్నారు. బోర్డు మీదైతే అట్లనే రాసుంది.

ఆ రోజు నవనీత, ఆమె మొగుడు నాగేశ్ ఉప్పునుంతల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. ఇద్దరూ ఒకే కాంట్రాక్టరు దగ్గర లైను పని చేస్తారు. ట్రైనింగ్ కార్డు లేనివాళ్లను ఇకనుంచి స్తంభం దాపుకు కూడా రానియ్యనన్నాడు ఆ కాంట్రాక్టరు. తెల్లారితే బల్మూర్ దగ్గర కొత్త లైను పని మొదలు. నాగేశ్ పైకెక్కుతాడు, నవనీత కింద తాడు పట్టుకుంటుంది. కార్డు చేతికొస్తే చాలు నాగేశ్‌కు. నవనీతకు అది చాలదు. షాక్ కొట్టిన మనిషిని కిందికి దించినంక పానం ఎట్ల నిలబెట్టాలో తెలుసుకోవాలి ఆమెకు. పైన ఉండేది తన మొగుడు మరి.

ట్రైనింగ్ ఇచ్చేవాడు కురుమూర్తి. ఒకప్పుడు లైను పనుల మీద సూపర్‌వైజరు. నలగని ఇస్త్రీ చొక్కా, వేళ్లకు ఉంగరాలు, బుగ్గన ఎప్పుడూ ఇలాచి. నోరు తెరిస్తే ముందు ఇలాచి వాసన, దాని వెనకనే పుచ్చిన పంటి వాసన. గ్లౌజులు దూరం నుంచి చూపించాడు గానీ తొడుక్కోనియ్యలేదు. మాసిపోతాయట! హాలు మధ్యలో మనిషెత్తు ఉత్తుత్తి స్తంభం, దానికి కరెంటు లేని తీగ. ఆ పక్కన చాప మీద, నడుము దాకా ఉన్న రబ్బరు బొమ్మ. దాని ఛాతీ ముప్పై సార్లు నొక్కి, నోట్లో రెండుసార్లు ఊదాలి. ఊపిరి సరిగ్గా పోతే భుజం మీద బ్యాటరీతో నడిచే పచ్చ లైటు వెలుగుతుంది.

"ముచ్చట లేదు. ఒక్కొక్కరు బొమ్మ మీదికి వొంగుర్రి, ఫోటో దిగుర్రి, కార్డు తీస్కపోర్రి" అన్నాడు కురుమూర్తి.

అందరూ అట్లనే చేశారు. బొమ్మ మూతికి జానెడు ఎత్తున మొహం పెట్టి, ఊదుతున్నట్టు బుగ్గలు ఉబ్బించి ఫోటో దిగారు. నాగేశ్ కూడా దిగాడు. దిగి, నవ్వుకుంటూ కార్డు జేబులో వేసుకున్నాడు. చూసిన నవనీతకు ఒళ్లు మండింది.

"సార్, నేను నిజంగనే ఊదుత."

"ఏందమ్మా నీ చాదస్తం? దాని మూతికి ఎవ్వరు మూతి పెట్టరు ఈడ."

"రేపు ఈయనకేమన్న అయితే ఫోటో సూపిస్తే లేస్తడా సార్?"

కురుమూర్తి మొహం ముడుచుకున్నాడు. నవనీత పట్టించుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని నొక్కింది. ముప్పై అయినంక వొంగింది.

బయట వాన మొదలైంది. కరెంటు పోయింది. హాల్లో సందెచీకటి కమ్ముకుంది.

అప్పుడు కొట్టింది వాసన. మొదట స్పిరిటు. దాని అడుగున తంబాకు. ఇంకా అడుగున... కాలిన వెంట్రుకల కంపు. అయినా కళ్లు మూసుకుని మూతి ఆనించింది. రబ్బరు చల్లగా ఉండాలి కదా. వెచ్చగా ఉంది. తడిగా ఉంది.

ఊదింది. ఛాతీ లేచింది. పచ్చ లైటు వెలిగింది.

ఆ ఊపిరి తిరిగి వచ్చింది.

వేడిగా, చిక్కగా, ఆమె నోట్లోకి, గొంతులోకి దిగింది. నాలుక మీద ఏదో గరుకుగా తగిలింది. ఉమ్మేసి చూసింది. నమిలిన వక్క ముక్క. దానికి నెత్తురు చార. ఛీ! ఛీ! పొద్దున తిన్నదంతా చాప పక్కనే కక్కేసింది. కక్కినా ఆ ఊపిరి మాత్రం పోలేదు. ఛాతీలో ముద్దలాగా అట్లనే ఉండిపోయింది.

"నే చెప్తనే ఉన్న గద!" కురుమూర్తి పకపకా నవ్వాడు. "ఓ జమ్ములమ్మా! వొచ్చి కడుగు!"

జమ్ములమ్మ ఆ మిల్లులో ఊడ్చే మనిషి. బకెట్టు తెచ్చి పెట్టింది గానీ కక్కు కడగలేదు. ముందు బొమ్మ మూతిని కొంగుతో తుడిచింది. పసిపిల్లగాని మూతి తుడిచినంత మెల్లగా తుడిచింది.

"వక్క వొచ్చిందా చెల్లె?" గుసగుసగా అడిగింది.

నవనీత తలూపింది.

"నాకు రోజు వొస్తది. రోజు కడుగుత. మా యోసేపుది."

"యోసేపు ఎవరక్కా?"

"నా పెనిమిటి. గా బల్మూర్ పాత లైను మీదనే కొట్టింది కరెంటు. దించినప్పుడు పానం ఉండె. కళ్లు తెరిసి సూస్తుండె. ఒక పిల్లగాడు నోట్లె ఊదుతనని ఉరికొచ్చిండు. గీ సారే ఆపిండు. 'థూ, వాని మూతికి నీ మూతి పెడ్తవార? ఏ కులమోడో ఎరుకేనా?' అన్నడు. అందరు నిలవడి సూసిర్రు. ఆయన పానం పోయినంక నాకు గీ సీపురు పని ఇచ్చిర్రు."

నవనీతకు మళ్లీ ఛీ అనిపించింది. ఈసారి బొమ్మను చూసి కాదు, కురుమూర్తిని చూసి. ఆ ఉంగరాల చేతులతో తనకు కార్డు ఇస్తాడా వీడు!

జమ్ములమ్మ ఆమె చెవి దగ్గరికి వొంగింది. "ఒక్కసారే ఊదినవ్ చెల్లె. రెండోది ఉంది..."

"ఏందే గుసగుసలు?" కురుమూర్తి విసురుగా వచ్చాడు. కక్కు మీద కాలు పడింది. సర్రున జారాడు. పడకుండా ఉండటానికి చెయ్యి చాపి, ఉత్తుత్తి స్తంభం తీగను పట్టుకున్నాడు.

ఆ తీగకు కరెంటు లేదు. అసలు ఊళ్లోనే కరెంటు లేదు.

టప్పుమంది.

కురుమూర్తి ఎగిరి వెల్లకిలా పడ్డాడు. అరచెయ్యి బొగ్గయింది. ప్యాంటు తడిసింది. నోట్లోంచి నురగ, నురగలో ఇలాచి తొక్కలు. మాడిన కంపు హాలంతా పరుచుకుంది. ఛాతీలో కదలిక లేదు.

కొత్త కార్డులు జేబుల్లో పెట్టుకున్న మగవాళ్లంతా గోడకు ఆనుకున్నారు. "అంబులెన్సుకు ఫోన్ చెయ్యుర్రి" అన్నాడొకడు. దగ్గరికి మాత్రం ఒక్కడూ రాలేదు. నాగేశ్ కూడా ముక్కు మూసుకుని నిలబడ్డాడు.

"పో చెల్లె" అంది జమ్ములమ్మ. "రెండోది ఇచ్చెయ్."

నవనీతకు వాడి మీద జాలి లేదు, అసహ్యం తప్ప. కానీ కళ్లముందు మనిషి చస్తుంటే ఎట్ల ఊకుంటుంది? నొక్కింది. నురగ తుడిచింది. ఊపిరి బిగబట్టి, ఆ జిగట మూతి మీద మూతి పెట్టి ఊదింది.

ఛాతీలో ఇరుక్కున్న ముద్ద కదిలింది. గొంతులోకి వచ్చింది. పెదాల మీదుగా... వాడిలోకి పోయింది.

కురుమూర్తి కళ్లు తెరిచాడు. లేచి కూర్చున్నాడు. నాలుకతో పళ్లన్నీ తడుముకున్నాడు. ఎవరి పళ్లో తడుముకున్నట్టు. నోట్లో మిగిలిన ఇలాచిని థూ అని ఉమ్మేశాడు. హాలంతా కలియజూసి జమ్ములమ్మ దగ్గర ఆగాడు.

"జమ్ములూ... జర వక్క ఉంటే ఇయ్యే."

ఆమె నడుముకు దోపుకున్న చిన్న సంచి తీసి వక్క ఇచ్చింది. కొంగుతో అతని మూతి తుడిచింది. అదే మెల్లదనం. ఇద్దరూ వానలో తడుస్తూ గేటు దాటి పోయారు. మిగిలినవాళ్లు కూడా ఒక్కొక్కరే జారుకున్నారు.

నవనీత బయట నల్లా దగ్గర నోరు కడుక్కుంది. ఎంత కడిగినా కంపు పోదే! వచ్చేసరికి హాల్లో నాగేశ్ ఒక్కడే ఉన్నాడు. సిగ్గుతో తల దించుకుని, బొమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"తప్పయింది నవనీతా. రేపు నీకేమన్నయితే నాకు తెల్వాలె గద. నేర్సుకుంట."

"ఏయ్! ఆగు! ముట్టకు దాన్ని!"

అప్పటికే వొంగాడు. ఊదేశాడు. పచ్చ లైటు వెలిగింది.

నాగేశ్ మెల్లగా తలెత్తాడు. ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు.

"లోపలికొచ్చింది... బయటికి పోతలేదే."

"ఉమ్మెయ్! నీ కాళ్లు మొక్కుత, ఉమ్మెయ్!"

అతను నాలుక మీంచి ఏదో తీసి వేలి కొన మీద పెట్టుకుని చూశాడు. చిన్న నల్ల గింజ. ఇలాచి గింజ. నవనీత చెయ్యి చాపింది, లాగి పారేద్దామని.

నాగేశ్ ఇవ్వలేదు. నవ్వి, ఆ గింజను మళ్లీ నోట్లో వేసుకుని బుగ్గన పెట్టుకున్నాడు.