మైకులో చెప్పిన సాక్ష్యం

ఆదివారం ఆరాధన ముగిసి ఇంకా గంట కాలేదు, మైసమ్మ వచ్చి భీమమ్మ గుమ్మంలో నిలబడింది. భీమమ్మ గబగబా లోపలి తలుపు దగ్గరికి వేసింది. తాండూరులో వాళ్ళ బస్తీ చర్చి మైకు నాలుగు సందుల దాకా వినిపిస్తుంది. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు దేవుడు తమకు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. కొడుకు శ్రీను చెప్తుంటే మురిసిపోయిందే గానీ, ఆ మాటలు ఎవరి చెవిన పడతాయో ఆమెకు తట్టనే లేదు...

"నీ కొడుకు పాపమంత కడుక్కపోయిందన్నడు గద భీమమ్మా. ఏం పాపమో ఎందుకు జెప్పలే?"

శ్రీను, మైసమ్మ కొడుకు దశరథ్ రాళ్ళ పాలిషింగులో ఒకే మిషను మీద పనిచేసేవారు. దశరథ్ రాయి సర్దుతుండగా ఫోను చూస్తూ శ్రీనే స్విచ్చి వేశాడు. దశరథ్ కుడిచేతి వేళ్ళు పోయాయి. తాగివచ్చి దశరథే చెయ్యి పెట్టాడని శ్రీను యజమాని సేటుకు చెప్పాడు. దశరథ్ ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. శ్రీను నిజం చెప్పింది తల్లికొక్కతికే. ఎనిమిది నెలలుగా ఆమెకు కంటి మీద కునుకు లేదు. బాప్తిస్మంతో అంతా తీరిందని ఇవాళే కాస్త ఊపిరి పీల్చుకుంది. అంతలోనే ఇదీ!

"అక్కా, విమోచనమంటే బానిసను ధర గట్టి విడిపించుడని మా పాస్టరయ్య జెప్పిండు. ఆ ధర యేసయ్యనే తన రక్తంతోని కట్టిండు. ఇగ అడిగేదేమున్నది?" భీమమ్మ గొంతులో విసుగూ భయమూ కలిసిపోయాయి.

"మాకైతే చేసింది అనుభవిస్తెనే తీరుతది. సరే, మీ దేవుడు నీ కొడుకును విడిపించిండు. నా కొడుకు మీద తాగుబోతని పేరు వడ్డది. ఎవ్వలు పనిస్తలేరు. వాన్ని ఎవలు విడిపియ్యాలె?"

లోపలి నుంచి శ్రీను వచ్చాడు. భీమమ్మ అడ్డం నిలిచింది.

"నోరు తెరవకు కొడుకా... జైలుకు వోతవు. నేను సస్త."

"నీళ్ళల్ల మునిగినప్పుడు గూడ గదే యాదికొచ్చిందమ్మా. లేచినంక గూడ పోలే. దేవుడు మాఫ్ జేసిండని ఊరందరికి జెప్పిన. దశరథన్నకు జెప్పలే." అతను మైసమ్మ వైపు తిరిగాడు. "పెద్దమ్మా, స్విచ్చి నేనే వేసిన."

మైసమ్మ ఏడవలేదు. "నాకెర్కనే. మిషన్ల కాడ జెప్పు."

మర్నాడు పొద్దున దశరథ్‌తో కలిసి పాలిషింగు యూనిట్‌కు నలుగురూ వెళ్ళారు. శ్రీను సేటు ముందు, పనివాళ్ళందరి ముందు జరిగింది జరిగినట్టు చెప్పాడు. సేటు అతన్ని పనిలోంచి తీసేశాడు. భీమమ్మ దశరథ్ దగ్గరకు పోయింది.

"కేసు వెడతవా నాయనా?"

"ఇంక ఏం అనుకోలే చిన్నమ్మా." అతను శ్రీను వైపు చూడనైనా లేదు. "గీ మాట అప్పుడే జెప్పేదుండె."

మైసమ్మ కొడుకు మొండిచేతిని పట్టుకుని, అందరూ చూస్తుండగా, ఆవరణ నడిమధ్యలోంచి నెమ్మదిగా నడిపించుకుపోయింది. ఇన్నాళ్ళూ తన కొడుకు కోసమే ఏడ్చిన భీమమ్మ, వాళ్ళిద్దరి వెనకాలే చూస్తూ, మొదటిసారి దశరథ్ కోసం ఏడ్చింది.