మొదటి శ్లాబు ఇల్లు

షానన్ ఏరు మాలకీ ఇంట్లోకి వచ్చి మోకాలి లోతున వారాల తరబడి కూర్చుంది చూడండి, ఆ వరదకు నాలుగో ఏడు అది. ఆ ఏడే సర్కారు ఇళ్ళ మీద పన్ను వేసింది. ఇంటి ధరను బట్టి శ్లాబు, శ్లాబును బట్టి పన్ను. ధర కట్టడానికి అధికారి ఎవడూ రాడు. ఇవాళ అమ్మకానికి పెడితే ముక్కూమొహం తెలియనివాడు నీ ఇంటికి ఎంతిస్తాడో నువ్వే నిజాయితీగా చెప్పాలి, నీ శ్లాబు నువ్వే పెట్టుకోవాలి. మా ఏటి ఒడ్డున ఆ ఒక్క మాట ఎన్ని కాపురాల్లో నిప్పు పోసిందో...

మాలకీ భార్య అట్రాక్టా మొదటి శ్లాబులో గీత పెట్టింది. అన్నిటికన్నా కిందిది.

మాలకీ అది చూశాడు. పన్ను ఆఫీసు వాళ్ళు పంపిన కాగితంలో మూడో శ్లాబు అని అంచనా ఉంది. అట్రాక్టా ఓపిగ్గా చెప్పింది. అది ఈ చుట్టుపక్కల ఇళ్ళన్నిటినీ కలిపి వేసిన అంచనా అని, మన ఇంట్లోకి నీళ్ళొచ్చిన సంగతి వాళ్ళకేం తెలుసని, దాన్నే పట్టుకు వేళ్ళాడక్కర్లేదని. అతని చెవికి ఎక్కలేదు.

"నా చేతుల్తో కట్టిన ఇల్లు బాతుల కొట్టమని సర్కారుకి రాసిస్తావుటే?"

అంతే. ఆ పూట నుంచి ఆమె చేతి కూడు ముట్టలేదు. బంగాళాదుంపలు తనే ఉడకబెట్టుకుని, ఇంటెనక షెడ్డులో నిలబడి తినేవాడు. మాటలన్నీ కుక్కతోనే. "రావే, మనం కొట్టంలో ఉండేవాళ్ళం, దొరసానమ్మ పక్కన కూర్చోకూడదు" అని ఆమెకి వినపడేలా అనేవాడు. ముప్పై ఏళ్ళ పైబడిన కాపురంలో ఇంత విషం ఆ మనిషి నోట అట్రాక్టా ఎన్నడూ చూడలేదు. పొయ్యిలో పీట్ అనే ఎండు బురద గడ్డలు ఎగదోస్తూ, కళ్ళు పొగకి మండాయన్నట్టు కొంగు లాంటి ఆ పాత ఏప్రన్ అంచుతోనే తుడుచుకునేది.

అసలు పుండు ఇంకోచోట ఉంది. అది ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు. మాలకీ, అతని అన్న కోల్‌మన్, ఇద్దరూ ఒకే వేసవిలో ఇళ్ళు కట్టుకున్నారు. వాళ్ళ నాన్న పెద్దవాడికి మిట్ట మీది పొలం ఇచ్చాడు, చిన్నవాడికి ఏటి పక్కది. కొత్త కోడలు అట్రాక్టా ఆ నేల చూసి, జమ్ము మొలిచిన చోట గోడ లేపకూడదు మామయ్యా అంది. ఆయన నవ్వాడు. కోడలు గడ్డి చూసి జాతకం చెబుతోందన్నాడు. మాలకీ కూడా నవ్వాడు. ఆ నవ్వే ఇన్నేళ్ళు ఆ ఇంట్లో కాపురం చేసింది! తండ్రి తనకి అన్యాయం చేశాడని ఎవరన్నా నోరు జారితే చాలు, మాలకీ కొట్టినంత పని చేసేవాడు.

వరద పోయాక కోల్‌మన్ తన ఇంటి పక్క అరెకరం ఇస్తాను, పైకొచ్చి కట్టుకోమన్నాడు. మాలకీ బిచ్చం అక్కర్లేదన్నాడు. నీటి చార గోడ మీద అలాగే ఉండిపోయింది. ఏటా క్రిస్మస్ ముందు దాని మీద రంగు వేసేవాడు. కొత్త ఏడు తిరక్కుండానే చార మళ్ళీ పైకి తేలేది, పాత తగువు తేలినట్టు. చలికాలమంతా అట్రాక్టా చెప్పులు నేల మీద వదలదు, బల్ల మీద పెట్టుకుని పడుకుంటుంది. కాలు కింద పెట్టేముందు చేత్తో నేల తడిమి చూసుకుంటుంది.

ఆ శనివారం ఆమె చెప్పాల్సింది చెప్పేసింది.

"మూడో శ్లాబు పెడితే ఈ ఇల్లు పొడిదని నువ్వు ఒట్టేసినట్టే. ఇక మిట్ట మీదికి పోవడం కల్ల. నువ్వు పెట్టుకో. నేను మాత్రం ఇంకో చలికాలం ఇక్కడ ఉండను. మల్లింగార్‌లో మన పిల్ల దగ్గరికి పోతాను."

"పో. తలుపెటుందో నీకు తెలుసుగా."

మర్నాడు పూజ కాగానే చర్చి నుంచి కారు తిన్నగా కోల్‌మన్ ఇంటికి తోలాడు. అన్న ఏ శ్లాబు పెట్టాడో నువ్వే విందువుగాని రా, అన్నాడు ఆమెతో. కోల్‌మన్ భార్య ఫిలోమీనా చేతికర్ర ఆనించుకుని టీ పోసింది. ఆవిడకి తుంటి ఎముక అరిగిపోయింది, లేవడం కూర్చోవడం గగనం.

"అన్నా, నువ్వే శ్లాబు పెట్టావు?"

"మూడు."

మాలకీ భార్య వైపు తిరిగాడు. "ఒకే ప్లాను. ఒకే మేస్త్రీ. ఒకే లారీలో వచ్చిన సిమెంటు. నాదీ మూడే."

"సిమెంటు ఒకటే రా," అన్నాడు కోల్‌మన్. "నా వాకిట్లో హంసలు ఈదవు."

మాలకీ కప్పు బల్ల మీద కొట్టాడు. టీ ఒలికింది. నాన్న పోయినా నీ పొగరు పోలేదన్నాడు. మిట్టెక్కి కూర్చున్నవాడికి కిందివాళ్ళు బాతుల్లాగే కనపడతారన్నాడు. ఇంకా చాలా అన్నాడు, అవి రాయకూడదు. కోల్‌మన్ అంతా విన్నాడు. విని, నెమ్మదిగా అన్నాడు.

"సరే. రెండిళ్ళూ ఒకటేగా. మార్చుకుందాం. ఈ చలికాలం నేనూ మీ వదినా నీ ఇంట్లో ఉంటాం. మీరు ఇక్కడుండండి. రేపే సామాన్లు దించుతాను."

మాలకీ వదిన కర్ర వైపు చూశాడు.

"వద్దు."

"ఏం? పొడి ఇల్లేగా?"

"నీళ్ళు చెప్పి రావు. వదిన కర్ర వెతుక్కుని లేచేలోపల..."

అట్రాక్టా కప్పు సాసరు మీద పెట్టేసింది.

"మరి నాకు ఈతొచ్చా?" అంది.

అరవలేదు. ఏడవలేదు. అడిగిందంతే. మాలకీ ఆమె మొహం వైపు చూడలేకపోయాడు, ఆమె జోళ్ళ వైపు చూశాడు. ఏళ్ళ తరబడి బల్ల మీద పడుకున్న జోళ్ళు అవి.

వాళ్ళు లేచి వెళ్ళబోతుంటే ఫిలోమీనా అంది. "ఆ అరెకరం ఇంకా అలాగే ఉంది అబ్బాయ్. మీ అన్న అందులో ఆవుల్ని కూడా తోలనివ్వడు. మా తమ్ముడు ఎప్పటికన్నా వస్తాడు అంటాడు."

ఇంటికొచ్చాక అతను షెడ్డులోకి పోయాడు, ఆమె సంచీ సర్దుకుంది. ఇంతకాలం ఏ మనిషి కోసం బురద ఎత్తానో ఆ మనిషి ఒక్క జవాబు ఇవ్వలేడా అనుకుంటూ, పిల్ల పెళ్ళి ఫొటో మధ్యలో పెట్టి చుట్టూ ఉన్ని బట్టలు చుట్టింది.

మర్నాడు పొద్దున లేచేసరికి మాలకీ లేడు. పార లేదు, బకెట్ లేదు. ఆమె సంచీ పట్టుకుని బస్సు కోసం మిట్ట దారెక్కింది. కోల్‌మన్ గేటు దగ్గరికొచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి.

అరెకరం మధ్యలో మాలకీ గొయ్యి తవ్వుతున్నాడు. మా వైపు ఇల్లు కట్టాలంటే ముందు చేసేది అదే. గొయ్యి తవ్వి నీళ్ళు పోసి, నేల తాగుతుందో లేదో చూస్తారు. తాగని నేలకి అనుమతి ఉండదు. కోల్‌మన్ గోడ అవతల బకెట్ నింపి అందించాడు. మాలకీ గుమ్మరించి మోకాళ్ళ మీద కూర్చుని గోతిలోకి వంగి చూస్తున్నాడు. ఆమె సంచీ గేటు దగ్గర దించి, వచ్చి అతని వెనక నిలబడింది. నీళ్ళు కాసేపు నిలిచాయి. తర్వాత మెల్లగా దిగాయి. అడుగున తడి రాళ్ళు తేలాయి.

"మొదటి శ్లాబే ఉంచు," అన్నాడు వెనక్కి తిరక్కుండా.

ఇంకో బకెట్ పోశాడు. అదీ ఇంకిపోయింది.