డ్రైవర్ తాత ఆఖరి ట్రిప్పు

ఆ రోజు పొద్దున కూడా ముసలాయన తల నున్నగా దువ్వుకుని, ఖాకీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, కిటికీ పక్కన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మోకాళ్ళు మొరాయించి బస్సు దిగిపోయాక ఆయన నడిపేది ఈ తెర మీది బస్సే. ఎక్కడెక్కడి జనమో వచ్చి ఒకే ఊళ్ళో తిరిగే ఆట అది. ముచ్చటపడి కొనుక్కున్నాడు.

"మామయ్యా, కాఫీ," అంది కోడలు.

"అక్కడ పెట్టు తల్లీ. బండి నడుపుతూ తాగకూడదు."

కోడలు నవ్వుకుంది. స్టాపులో పురుగు కూడా లేకపోయినా ఆయన బస్సు ఆపి, తలుపు తెరిచి, కాసేపు చూసిగానీ కదలడు. మొదట్లో ఆడేవాళ్ళు వెక్కిరించారు. తర్వాత వాళ్ళే 'డ్రైవర్ తాత' అని పేరు పెట్టుకున్నారు.

ఈ పూటతో ఆ ఆట మూతపడుతోంది. లాభం రావట్లేదని కంపెనీ తన సర్వర్లు ఆపేస్తే, కొన్నవాళ్ళ ఇళ్ళలోనూ అది నడవదు. అలా చేయకుండా చట్టం తేవాలని ఆన్‌లైన్‌లో జనం సంతకాలు పెడుతున్నారు. ముసలాయన కూడా ఆ 'డ్రైవర్ తాత' పేరుతోనే, ఒంటివేలితో ఒక మాట రాశాడు: "డబ్బిచ్చి కొన్న కుర్చీని కొట్టువాడు ఇంటికొచ్చి పట్టుకుపోతే ఊరుకుంటామా?" ఆ మాట దావానలంలా పాకింది. ప్రతిపక్షంవాళ్ళు దాన్ని నెత్తికెత్తుకున్నారు. అధికార పక్షంవాళ్ళు "ముసలాణ్ణి కొనేశారు" అని తిట్టిపోశారు.

కొడుకు టైపిస్టుగా పనిచేసేది అధికార పక్షం నాయకుడి ఆఫీసులోనే.

"నాన్నా, ఆ రాసింది తీసెయ్," అన్నాడు చొక్కా చేతులు మడుచుకుంటూ. "ఈ డ్రైవరెవడో కనుక్కోమని మా సారు నాకే చెప్పాడు. ఏమని చెప్పమంటావ్?"

"మా నాన్నేనని చెప్పు."

"ఉద్యోగం ఊడుతుంది!"

"నేను వాళ్ళ పేరూ ఎత్తలేదు, వీళ్ళ పేరూ ఎత్తలేదురా. కొన్న వస్తువు నాదన్నాను, అంతే."

"ఏం వస్తువు? బొమ్మ బస్సు! అందులో ఎక్కేవాడెవడు?"

వంటగది గుమ్మంలోంచి కోడలి గొంతు వినిపించింది.

"నేను ఎక్కుతానండీ."

కొడుకు తెల్లబోయాడు. ఆమె ఫోను చూపించింది. అదే ఊరు, అదే వీధి. "కూర ఉడికేలోపు రోజూ ఒక చుట్టు తిరిగొస్తాను. మామయ్యకి కూడా చెప్పలేదు."

"ఇల్లంతా ఒకటయ్యారన్నమాట!" ఉక్రోషం పట్టలేక కంప్యూటరు తీగ పీకబోయాడు. చెయ్యి సగంలోనే ఆగిపోయింది.

తెర మీద బస్సు స్టాపులోకి వచ్చింది. అక్కడ జనం.

ఒకరూ ఇద్దరూ కాదు. వరస వీధి దాటి, వంతెన దాటి, కనుచూపు మేర సాగింది. ఎవరూ తోసుకోవడం లేదు. కొందరి తలల మీద ఒక పార్టీ రంగు జెండా, కొందరి మీద ఇంకో పార్టీది. నిన్నటిదాకా ఒకరినొకరు బండబూతులు తిట్టుకున్నవాళ్ళు ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. తెర అడుగున ఏవేవో భాషల్లో మాటలు. వాటి మధ్య ఒకటి మెరిసింది: "తాతా, మేమొచ్చాం."

కొడుకు తెర దగ్గరికి వంగాడు. ఇంతమందిని మా నాన్న ఒక్క మాటతో కదిలించాడా?

"ఇంతమందిని ఎలా ఎక్కించనురా?" అన్నాడు ముసలాయన. "ఒక్క బండే కదా ఉంది."

బస్సు నిండిపోయింది. మిగిలినవాళ్ళు బస్సు వెనకాలే నడిచారు. ఊరికి ఊరే కదిలింది.

"ఖాళీ స్టాపుల్లో ఎందుకు ఆపేవాడివి నాన్నా?"

"మలుపు అవతల ఎవరైనా పరిగెత్తుకొస్తున్నారేమో, మనకేం తెలుసు? నువ్వు అలాగే వచ్చేవాడివిగా బడి నుంచి, చెప్పులు చేత్తో పట్టుకుని."

కొడుకు కళ్ళు చెమర్చాయి. అంతలో జేబులో ఫోను మోగింది. సారు. ఎత్తాడు.

"కనుక్కున్నాను సార్. ఆ డ్రైవరు మా నాన్న... లేదు సార్, తీయించను."

ఫోను పెట్టేసి భార్య వైపు చెయ్యి చాపాడు. "నీది ఇలా ఇవ్వు. ఇందులో నీ బొమ్మని పరిగెత్తించడమెలా?"

"ఇదిగో, ఇక్కడ నొక్కి పట్టుకోండి."

ముసలాయన బస్సు అద్దంలోకి చూశాడు. జనాన్ని తప్పించుకుంటూ, గోడలకి గుద్దుకుంటూ ఎవరో వస్తున్నారు. బ్రేకు వేశాడు.

"నేనే నాన్నా! ఆపు!"

"ఆపాను. మెల్లగా ఎక్కరా, పడతావ్."

కొడుకు మెట్టు మీద కాలు పెట్టాడు. తలుపు మూసుకుంది. బస్సు రెండు వీధులు దాటిందో లేదో, తెర నల్లబడిపోయింది.

కొడుకు తండ్రి కుర్చీ పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"ఆ సంతకాలు పెట్టేది ఎక్కడో చూపించు నాన్నా. నా పేరూ రాయాలి."

ముసలాయన ఖాకీ చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని, కొడుకు తల మీద చెయ్యి వేశాడు.

"రాద్దువులే. అమ్మాయీ, ఆ కాఫీ కాస్త వేడిచేసి తీసుకురా తల్లీ. బండి ఆగిందిగా."